వేలు పెట్టిన వచనం

పొద్దున ఆరున్నరకల్లా చాప పరిచి, ముందు బైబిలు పెట్టుకుని కూర్చోవడం ఆ ఇంట్లో ముప్పయ్యేళ్లుగా తప్పని పని. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో అటెండరుగా చేసి రిటైరైన దేవవరం గోడకు ఆనుకుని కూర్చుంటాడు. భార్య సుగుణమ్మ పొయ్యి తగ్గించి వచ్చి, కొంగు తల మీదికి లాక్కుంటుంది. కూతురు కెజియా, ఆమె ఐదేళ్ల పాప దీవెన తలుపు వారగా సర్దుకుంటారు.

ఆ రోజూ పాట అయింది, వాక్యం అయింది. దేవవరం కళ్లు మూసుకుని వాన కోసం, పాస్టరుగారి మోకాళ్ల నొప్పులు తగ్గడం కోసం ప్రార్థించాడు. చివరికి, ఏడాదిగా రోజూ వచ్చే మాట దగ్గరికి వచ్చాడు.

"నా బిడ్డ అవిధేయతకు నువ్వు న్యాయంగానే తీర్పు తీర్చినావు తండ్రీ. ఆమె మొండితనాన్ని క్షమించు."

అని ఆగాడు. అక్కడ ఆయన ఎప్పుడూ ఆగుతాడు. కెజియా "ఆమెన్" అనాలి. గొంతులో పడిన ముల్లును అన్నం ముద్దతో మింగినట్టు ఏడాదిగా ఆమె అంటూనే ఉంది.

ఈ రోజు ఆమె కంటే ముందు దీవెన అనేసింది. అని, తల్లి మోచెయ్యి పట్టుకుని ఊపింది.

"అమ్మా, అవిధేయత అంటే చెప్పిన మాట ఇనకపోవడమే గదా? నువ్వు ఇనకపోతే దేవుడు నాన్నను యాల కొట్టినాడు?"

కెజియా బిడ్డ చేతిని గట్టిగా పట్టుకుంది.

పులివెందులలో నర్సుగా పనిచేసేటప్పుడు ఆమె గిరీష్‌ను పెళ్లి చేసుకుంది. అతను బోరు మోటార్లు బాగుచేసేవాడు, వేరే దేవుణ్ణి మొక్కే ఇంటి పిల్లవాడు. పెళ్లి కబురు తెలిసిన రోజు దేవవరం కళ్లు మూసుకుని బైబిలు తెరిచి ఒక వచనం మీద వేలు పెట్టాడు. ఏ పెద్ద పనికైనా ఆ ఇంట్లో అదే పద్ధతి. కళ్లు తెరిచి చూస్తే, ఒకప్పుడు జనంతో నిండిన పట్టణం ఇప్పుడు విధవలా ఒంటరిగా కూర్చుందని ఉంది. ఆయన దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. ఆరేళ్లు అల్లుడి ముఖం చూడలేదు.

పోయిన ఏడు బత్తాయితోటలో బోరు మోటారు పైకి లాగుతుంటే కరెంటు తగిలి గిరీష్ చనిపోయాడు. "వాక్యం నెరవేరింది," అన్నాడు దేవవరం. అద్దె ఇల్లు ఖాళీ చేసి పుట్టింటికి చేరిన కెజియాకు గడప దాటే వీల్లేకపోయింది. సంఘం ముందు లేచి, నా తప్పు వల్లే దేవుడు నా భర్తను తీసుకున్నాడని ఒప్పుకుంటేనే ఆమెను చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు రానిస్తారు. ఆ తర్వాతే ఉద్యోగమైనా ఇంకేదైనా అన్నది దేవవరం షరతు. ఆ ఒప్పుకోలు వచ్చే ఆదివారమే.

"ఆదివారం నేను లెయ్యను నాయనా," అంది కెజియా.

దేవవరం కళ్లు తెరిచాడు. "ఏందీ?"

"లేసి ఆ మాట చెప్పను. నా బిడ్డ ఇంటాంది."

"పాస్టరుగారికి మాటిచ్చినా నేను. సంఘ పెద్ద బిడ్డవే ఇట్ల మాట్లాడితే ఇంగ నలుగురికి నేనేం చెప్పల్ల? లెయ్యకుంటే యాడికి పోతావు?"

"యాడికీ పోలేనని తెలిసే గదా, రోజూ ఈడ కూసోబెట్టి ఆమెన్ అనిపిస్తాండావు!"

"పొద్దున్నే ఏంది ఈ రచ్చ?" సుగుణమ్మ గొంతు పెంచింది. "ఆ పక్కింటి ఈశ్వరమ్మ అప్పుడే కాఫీ గ్లాసు పట్టుకుని గోడకాడ నిలబడింటాది."

"నిలబడనీ," అన్నాడు దేవవరం. "నేనన్న మాటనా అది? వాక్యం. నా వేలు నేను పెట్టలా, ఆయన పెట్టించినాడు. చూడు!"

పుట తెరిచి ముందుకు తోశాడు. ఏడాదిగా కెజియా ఆ ఎర్రగీత వైపు చూడటానికే భయపడింది. ఈ రోజు పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుంది. గీత దాటి చదువుకుంటూ పోయింది. పుట తిప్పింది, మళ్లీ తిప్పింది.

"నాయనా, ఈ మాటలు అంటాండేది ఎవురు?"

"దేవుని గ్రంథంలో ఇంగెవురు అంటారు?"

"కాదు. కాలిపోయిన ఊరిని చూసి ఒక మనిషి ఏడుస్తాండాడు. తప్పు జరిగిందని కూడా అంటాండాడు, దాయలా. కానీ ఆ విధవను దూరంగా నిలబెట్టి అంటాండలా. ఆమె పక్కన కూసోని, కండ్లు పోయేట్టు ఏడుస్తా అంటాండాడు. ఈడ చూడు, ఎలుగుబంటి మాదిరి దావలో పొంచి ఉండి నన్ను చీల్చినావని దేవుణ్ణే అడుగుతాండాడు. అట్ల అడిగినోణ్ణి దేవుడు నోరు మూసుకోమనలేదే? నువ్వు ఏడుపును పట్టుకొచ్చి తీర్పని నా నెత్తిన పెడితివి."

సుగుణమ్మ నెమ్మదిగా అంది.

"దాని తర్వాత ఉంటాది, ప్రతి పొద్దునా ఆయన దయ కొత్తగా వస్తాదని. మన మొదటి పిల్లోడు పోయినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ నా మంచం కాడ సదివింది. ఆ పొద్దు నువ్వు వేలు పెట్టి చూసినావా? ఎవురి తప్పని అడిగినావా? వరండాలో నేల మీద పడి ఏడిస్తివి. నీ కొడుక్కైతే ఏడుపు, ఈమె మొగునికైతే తీర్పా?"

దేవవరం ఎర్రగీత మీద చెయ్యి పెట్టాడు.

"నీ పెండ్లి కబురు వచ్చిన పొద్దు నాకు శానా కోపంగా ఉండె," అన్నాడు కూతురితో. "ఆ వేలు దేవుడు పెట్టించినాడో, నా కోపం పెట్టించిందో... నీ మొగుణ్ణి దేవుడు యాల తీసుకున్నాడో నాకు తెలవదు పాపా. తెలవదని చెప్పుకోలేక తప్పు నీ మీద పెట్టినా. ఆదివారం నువ్వు లెయ్యొద్దు. నేను లేస్తా. నా ఒప్పుకోలు నేను చెప్పుకుంటా."

దీవెనను దగ్గరికి తీసుకున్నాడు. "మీ నాన్నను దేవుడు కొట్టలేదు తల్లీ. తాత తప్పు చెప్పినాడు." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "గిరీష్... ఎట్లుండేవాడు?"

ఆ ఇంట్లో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

"మోటారు చప్పుడు ఇని, బోర్లో నీళ్లు ఎంత లోతున ఉండాయో చెప్పేవాడు నాయనా," అంది కెజియా. "ఒక్కోసారి తప్పు చెప్పి, రైతుల చేత తిట్లు తిని, ఇంటికొచ్చి నవ్వేవాడు..."

ఏడిస్తే దేవుడి మీద సణిగినట్టవుతుందని ఏడాదిగా బిగబట్టిన ఏడుపు కట్టలు తెంచుకుంది. సుగుణమ్మ లేవబోతే దేవవరం వద్దని చెయ్యి ఊపాడు. తానే చాప మీద జరిగి కూతురి పక్కన కూర్చున్నాడు. ఆయన గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"చెప్పు పాపా," అన్నాడు. "నవ్వి, ఆ తర్వాత ఏం చేసేవాడు?"