విండోలో నిలవని ఫోటో

పక్కింటి ఈరక్క ఊరంతా చెప్పిందేమంటే, ధర్మవరంలో రిహానా పెట్టిన చీరల డిజైన్ సెంటర్‌కు ఎవరో పరదేశపు దొర వస్తాండాడంట, ఒక్క చీర కూడా మడత విప్పించకుండానే పోతాండాడంట. ధర్మవరానికి వచ్చి చీర విప్పి చూడనోడు చీరకోసం వచ్చినోడు కాదు. ఆ మాట పాకి పాకి హిందూపురంలో గూఢచారి విభాగం చీఫ్ అంజనప్ప చెవిన పడింది.

అది 2004. బ్రీఫింగ్ చిన్నదే. రిహానా మన డిపార్ట్‌మెంట్ మనిషే, డబుల్ ఏజెంట్‌గా మారింది. పోయినేడు పెనుకొండ కోటగోడ దిగుతున్న ఏజెంట్ తిరుపాల్ తాడును పైనుంచి వదిలేసి చంపింది ఆమే. ఇప్పుడు పరాయి దేశంలో మారుపేరుతో ఉన్న మన ఆరిఫా ఫోటోను సీడీలో పెట్టి దొరకు అమ్ముతోంది. ఆ ఫోటో సరిహద్దు దాటితే ఆరిఫా బతకదు.

"సీడీ కావాల. దొర కూడా కావాల," అన్నాడు అంజనప్ప.

"నాకు ఆమె కావాల," అన్నాడు అబ్దుల్లా. తిరుపాల్‌తో ఒకే కంచంలో తిన్నవాడు.

రిహానా అతన్ని ఎన్నడూ చూడలేదు. గడ్డం పెంచి, మాబు పేరుతో ఆమె సెంటర్‌లోనే కంప్యూటర్ మెకానిక్‌గా చేరాడు. ఫోటోకు తాళం వేసి, మళ్లీ తెరిచి చూపించే ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిచ్చాడు. ఒక్క లైన్ మాత్రం కావాలనే వదిలేశాడు.

దొర వచ్చిన రోజు రిహానా అత్తరు వాసనతో, పట్టుచీరలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. విండో తెరుచుకుంది. సైజు సరిగ్గానే ఉంది. లోపల మాత్రం ఉత్త బూడిదరంగు. చూడనిదే దుడ్లు ఇవ్వనన్నాడు దొర. రిహానా మెకానిక్‌ను పిలిచింది.

అబ్దుల్లా మౌస్ చెడిపోయిందని ఫోన్ చేశాడు. ఊరిబయట కాచుకున్న అంజనప్ప జీపుకు అదే కోడ్. తర్వాత తీరిగ్గా విడమరిచాడు. ఫోటోను ప్రోగ్రాంలో ఏదో ఒక లైను పట్టుకోవాలి, లేకుంటే పైథాన్ చెత్త కింద లెక్కగట్టి ఊడ్చేస్తుంది. ఫోటోను మళ్లీ తెరిచాడు, మళ్లీ బూడిదరంగే. దొర విసిగిపోయి సీడీ లాక్కున్నాడు. తాళం తన దేశంలో పగలగొట్టుకుంటాడంట. వాకిలిదాకా పోయాడు.

బయట జీపు ఆగిన చప్పుడు. అబ్దుల్లా వదిలేసిన ఆ లైన్ కొట్టి, ఫోటో ఫైలు మార్చి, ఎంటర్ నొక్కాడు.

ఈసారి ఫోటో నిలిచింది. ఆరిఫాది కాదు. తిరుపాల్ నవ్వుతున్నాడు.

వాకిట్లో దొర చేతిలోని సీడీ అంజనప్ప చేతికి మారింది. బేడీలు పడ్డాక రిహానా అడిగింది.

"ఆ ఒక్క లైను ముందే రాసింటే, ఈపాటికి నేను రైలెక్కి పోయిండేదాన్ని కదప్పా?"

"నువ్వు తాడు వదలకుండా పట్టుకొనింటే, వాడూ ఇంటికి పోయిండేవాడు."