ఇనప టోపీలో కళ్లు

మా ఊరు బ్రెజినా నుంచి కొండకోటకి పోయే దారిలో, చెట్ల మధ్య ఒక పాత చిన్న చర్చి ఉంది. పొద్దు వాలాక ఆ దారిన మా ఊళ్లో ఎవరూ పోరు. ఎంత బీరు తాగినా సరే, మగవాళ్లు కూడా చుట్టు తిరిగి మిల్లు మీదుగానే ఇల్లు చేరతారు.

కారణం లోపలి గోడ. క్రీస్తు సమాధి చుట్టూ కాపలా సిపాయిలు పడి నిద్రపోతున్న బొమ్మ ఉంది దాని మీద. ఆరు వందల ఏళ్ల నాటిది. అందరికీ ముఖాలున్నాయి... మూలనున్న ఒక్కడికి తప్ప. వాడి తల మొత్తం ఇనప టోపీలో ఉంటుంది. కళ్ల దగ్గర ఒక నల్లటి సందు, అంతే.

వాడు నిద్రపోవడం లేదని మా వాళ్ల నమ్మకం. చీకటి పడితే గోడ దిగుతాడట. మా మామయ్య ఒటకార్ ఒకసారి లోపల ఇనుము రాచుకున్న చప్పుడు విని, సైకిలు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడు. మర్నాడు పట్టపగలు కూడా ఆ సైకిలు కోసం వెళ్లలేదు.

అలాంటి చోటికి నవంబరులో, చీకటి పడ్డాక, ఒంటరిగా వెళ్లింది జ్దేనా. నాతోపాటు బేకరీలో పనిచేస్తుంది. ఆమె చెప్పిందే చెబుతున్నాను. నా సొంతం ఏమీ కలపలేదు.

వెళ్లింది ధైర్యంతో కాదు. కోపంతో.

జ్దేనా తమ్ముడు లుబోష్ పాతకాలపు యుద్ధాలాడే జట్టులో ఉండేవాడు. ఇనప కవచాలు తొడుక్కుని, మొద్దు కత్తులతో నిజంగానే కొట్టుకునే ఆట అది. ఏటా ఆకులు రాలే కాలంలో కోట కింద మైదానంలో ఆడతారు. వాళ్లకో గట్టి నియమం ఉంది. తలకి పెట్టుకునే టోపీ ఎవడికి తోచినట్టు వాడు చేయకూడదు. పాత బొమ్మో, సమాధి మీది శిల్పమో, మట్టిలో దొరికిన ఇనుమో... అలాంటి టోపీ ఒకప్పుడు ఉండేదని ఏదో ఒక ఆధారం చూపాలి.

లుబోష్ టోపీ చేసినవాడు మా ఊరి కమ్మరి హినెక్. వాడు చేసే టోపీలంటే ఆటగాళ్లకి మోజు. కళ్ల సందు వెడల్పుగా ఉంటుంది, ఎదుటివాడు బాగా కనపడతాడు. ఆధారం ఏమిటయ్యా అంటే చర్చి గోడ మీది సిపాయి. ఒక మసక ఫోటో చూపించాడు, జట్టు పెద్దలు తలలూపారు. అసలు గోడ చూద్దామని ఎవరూ అనలేదు. అక్కడికి ఎవడు పోతాడు?

సెప్టెంబరు ఆటలో ఒక కత్తి మొన ఆ సందులోంచి లోపలికి దిగింది. లుబోష్ ఎడమ కన్ను పోయింది.

తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, జ్దేనా ఆ టోపీ చంకన పెట్టుకుని నేరుగా పబ్బుకి వెళ్లింది. హినెక్ గులాష్ అనే మాంసం పులుసు తింటున్నాడు. టోపీ వాడి పళ్లెం పక్కన పెట్టింది.

"ఈ సందులో నా బొటనవేలు దూరుతోంది హినెక్."

వాడు రొట్టె ముక్క పులుసులో అద్దుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు. "నమూనా నాది కాదమ్మా. ఆరు వందల ఏళ్లుగా గోడ మీదుంది. అప్పటివాళ్లు నీకంటే తెలివితక్కువవాళ్లా? కొట్లాటలో మొహం పైకెత్తకూడదని మీవాడికి తెలీదు. దానికి నేనేం చేయను?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు ఆమెకి నిద్ర లేకుండా చేసింది. జట్టు పెద్దల వెంట పడింది. పోరగా పోరగా, ఇద్దరొచ్చి గోడ చూస్తామన్నారు, శనివారం పొద్దున. శుక్రవారం పని దిగేసరికి ఆమెకి ఇక ఆగబుద్ధి కాలేదు. రేపు వాళ్ల ముందు మొదటిసారి చూసి నోరెళ్లబెట్టడం ఎందుకు? ముందు తనే చూడాలనుకుంది.

తాళంచెవి ముసలి క్వేతా దగ్గర ఉంటుంది.

"రేపు పొద్దున పోవే" అంది క్వేతా.

"ఇవాళే పోతానత్తా."

"వాడు... లేస్తే?"

"లేవనీ. వాడితో కూడా నాకు పనుంది."

తలుపుకి తాళం వేసి లేదు, క్వేతా మరిచిందనుకుంది జ్దేనా. తెరిచేసరికి లోపల చీకటి, తేమ. టార్చి వెలుగు గోడ మీద పాకింది. నిద్రపోతున్న ముఖాలు ఒకటొకటే... తర్వాత మూల. ఇనప టోపీ.

సందు వెడల్పుగా ఉంది.

అచ్చం హినెక్ చేసినట్టే. అంటే వాడు నిజమే చెప్పాడా? ఎప్పుడో చచ్చిన ఎవడో చిత్రకారుడు ఒళ్లు తెలియకుండా గీసిన గీతకి, తమ్ముడి కన్ను పోయిందా? ఆ గోడ మీద ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చిందట. దగ్గరికి వెళ్లింది.

వాసన.

అవిసె నూనె వాసన... ఘాటుగా, కొత్తగా.

వేలు పెట్టి చూసింది. వేలికి నలుపు అంటింది. ఇంకా తడిగానే ఉంది.

రుమాలు అంచుతో మెల్లగా అద్దింది. నలుపు పోయిన చోట అసలు గీత బయటపడింది. సన్నగా, గోటి మందాన. కత్తి కాదు గదా, పుల్ల కూడా దూరదు.

అప్పుడు వినపడింది.

వెనక... ఇనుము రాతిని రాచుకున్న చప్పుడు.

జ్దేనా తల తిప్పి చూసింది. మళ్లీ అదే చప్పుడు. తర్వాత ఊపిరి — బోలు గిన్నెలో ఎవరో రొప్పుతున్నట్టు. ప్రార్థన బల్ల వెనకాల ఏదో మెల్లగా పైకి లేస్తోంది...

ఇనప తల.

"పో..." అంది అది. "పో... బయటికి..."

గోడ మీదివాడు నిజంగానే దిగాడనుకుంది జ్దేనా. తలుపు రెండడుగుల్లో ఉంది, పరిగెత్తడానికి వెనక్కి తిరగబోయింది కూడా. కానీ ఆ తిరగడంలో టార్చి వెలుగు సరిగ్గా ఆ సందు మీద పడింది.

లోపల కళ్లు కనపడ్డాయి. కళ్లే కాదు — కనుబొమ్మలు, ముక్కు మొదలు, కొలిమి నిప్పురవ్వ కాల్చిన పాత మచ్చ. అంత వెడల్పు మరి, మనిషిని గుర్తుపట్టేటంత.

హినెక్.

చర్చి తాళం పోయిన ఏడు బాగుచేసింది వాడే. ఇంకో చెవి చేసి ఉంచుకున్నాడు. రేపు పెద్దలొచ్చేలోగా గోడ మీది సందుని వెడల్పుగా దిద్దేద్దామని, కొలత కోసం తను చేసిన టోపీ ఒకటి పట్టుకుని వచ్చాడు. తలుపు చప్పుడు కాగానే దీపం ఆర్పి దాక్కుని, అదే టోపీ తలకి తగిలించుకున్నాడు. దెయ్యమనుకుని పారిపోతుందని.

పక్కన కొవ్వొత్తుల ఇనప స్తంభం ఉంది, మనిషెత్తుది, పైన మొన ఉన్నది. దాన్ని ఎలా లేపిందో తనకే తెలీదు. మొన వాడి మొహానికి గురిపెట్టింది.

"ఆరు వందల ఏళ్ల నమూనా కదరా" అంది, చాలా మెల్లగా. "నిలబడు. కదలకు."

హినెక్ చేతిలో కుంచె కింద పడింది. రెండు అరచేతులూ ఆ సందుకి అడ్డం పెట్టుకున్నాడు.

"వద్దు... జ్దేనా, వద్దమ్మా... దూరిపోతుంది... కన్ను పోతుంది..."

"తెలుసన్నమాట."

వాడు ఏడుస్తున్నాడు. ఆమె ఇంకో అడుగు వేసింది. మొన వాడి వేళ్లకి తగిలింది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరికి స్తంభం కింద పడేసి, బయటికొచ్చి తలుపు తాళం వేసింది. వాడి దగ్గరున్న చెవి బయటి పక్కనుంచే తిరుగుతుంది. పొద్దున పెద్దలు వచ్చేదాకా వాడు లోపలే ఉన్నాడు, ఆ సిపాయిలతో పాటు. వాళ్లు తలుపు తీసేసరికి చేతులకి నలుపుతో గోడ కింద ముడుచుకుని కూర్చున్నాడట. జట్టులోంచి వెళ్లగొట్టారు, వాడి టోపీలన్నీ వెనక్కి తెప్పించారు. ఇప్పుడు వాడు గేట్లు చేసుకుని బతుకుతున్నాడు.

ఆ శుక్రవారం ఇంటికొచ్చి జ్దేనా జరిగిందంతా తమ్ముడికి చెప్పింది. లుబోష్ కంటికి కట్టుతో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మాట మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"మొన వేళ్ల దాకా వెళ్లింది కదక్కా... వెనక్కి ఎందుకు తీశావు?"

ఆమె లేచి పొయ్యి మీద సూప్ పెట్టింది. ఇద్దరూ తిన్నారు.