తెల్లబోయిన అద్దం

"అమ్మా, ఫోను పెట్టీ. ఇక్కడెవుడో అద్దం ముక్కని సంటిపిల్లలాగ గుండెకి హత్తుకొని వొచ్చినాడు. తను తడిసి ముద్దయిపోనాడు గానీ, దానికి మాత్రం గొడుగు పట్టినాడు!"

తెలుగులో కాబట్టి సోనా ధైర్యంగానే అంది. హౌరాలోని ఘోష్ బాబు అద్దాల కంపెనీలో ఆమెకు తప్ప ఇంకెవరికీ ఆ భాష రాదు.

గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు గొడుగు మడిచాడు. జుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పిల్ల కాదండీ, శాంపిల్," అన్నాడు. "ఇది కిందపడితే మా మేనేజరు నన్ను పడేస్తడు. అందుకే దానికి గొడుగు, నాకు వాన."

సోనా నాలుక కరుచుకుంది. ఫోనులో తల్లి కాసులమ్మ "ఏటే? ఎవుడే?" అని ఇంకా అరుస్తూనే ఉంది.

"మీరు... తెలుగోళ్ళేటి?"

"వరంగల్. పేరు రఘురాం. హైదరాబాద్ కంపెనీ, ఈడనే రూం తీసుకొని ఉంటున్న. మంటకు ఆగే గ్లాసు అమ్ముతం. మీరు బెంగాలీ అనుకొని ఇంగ్లీషుల ఏం మాట్లాడాల్నో దారంతా ప్రాక్టీస్ చేసుకుంట వచ్చిన. అంతా వేస్టయింది."

ఆమె నవ్వాపుకుని, తువ్వాలు కోసం వెతికినట్టు అటు తిరిగింది.

ఘోష్ బాబు వచ్చాక రఘురాం వర్క్‌షాపులో శాంపిల్‌ను స్టాండుకు బిగించి, ఒక పక్కన బ్లో ల్యాంప్ వెలిగించాడు. పలకల మధ్య సన్నటి పొరలుంటాయనీ, సెగ తగలగానే అవి ఉబ్బి వేడిని అవతలికి పోనివ్వవనీ హిందీలో వివరించడం మొదలుపెట్టాడు.

"మాటలకేటండీ, ఎన్నైనా చెప్తారు," సోనా తెలుగులో అడ్డు తగిలింది. "ఇటు పక్క మీ చెయ్యి ఆన్చండి, చూద్దాం."

తటపటాయిస్తాడనుకుంది. అతను ఆమె కళ్ళలోకి చూస్తూ అరచెయ్యి ఆన్చేశాడు. అవతల మంట బుసకొడుతోంది. నీళ్ళలా తేటగా ఉన్న అద్దం మెల్లగా మసకబారి, పాలు పొంగినట్టు తెల్లగా అయిపోయింది. అతని చెయ్యి మాత్రం కదల్లేదు.

"కాలట్లేదేటి?"

"కాలితే ఈడ నిలబడి మీతోని ముచ్చట పెడుతనా?"

ఘోష్ బాబు పెదవి విరిచాడు. ఇలాంటివి దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కొంటారు గానీ హౌరాలో ఎవరు కొంటారన్నాడు.

"అక్కడా మొదట్లో అలాగే అన్నారు దాదా," అన్నాడు రఘురాం. "ఇప్పుడు ఫ్యాక్టరీలు చాలట్లేదు. ఎయిర్‌పోర్టు కట్టినా, హోటలు కట్టినా, హాస్పిటల్ కట్టినా గోడల బదులు గాజే పెడుతున్నారు. గాజు పెరిగినకొద్దీ మంటకు ఆగే గాజూ కావాలి కదా!"

అతను చెప్పిన ప్రపంచ మార్కెట్ సంగతి సోనాకు సగమే ఎక్కింది. కానీ ఆ తెల్లబడిన అద్దం మాత్రం మనసులో నిలిచిపోయింది. దానికో కారణముంది. ఆ యేడు వేసవిలోనే నగరంలో ఒక పాత భవంతి కాలిపోయింది. పైఅంతస్తుల్లో చిక్కుకున్నవాళ్ళని టీవీలో చూసి, కాసులమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. కాసులమ్మ ఆఫీసుకి రెండు వీధుల అవతలున్న ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. ఆమె పని మూడో అంతస్తులో, బాలింతల వార్డులో.

అదే నర్సింగ్ హోమ్ రిపేరు పని ఘోష్ బాబుకు వచ్చింది. మాల్ లాగా వెలుగు కావాలని, మెట్ల చుట్టూ ఉన్న గోడలు తీసి అద్దాలు పెట్టమన్నాడు యజమాని. డ్రాయింగులు గీసేది సోనాయే. మెట్లకి మంటకు ఆగే గ్లాసు, స్టీలు ఫ్రేము, అలాంటివే తలుపులు అని గీసి, రఘురాంను వెంటబెట్టుకుపోయి యజమానిని ఒప్పించింది. ఆ గ్లాసుని ఇక్కడ కొయ్యడానికి వీల్లేదు. కొలతకి తయారై విదేశం నుంచి ఓడలో రావాల్సిందే.

ఓడ ఆలస్యమైంది. వచ్చాక డాక్‌లో కంటైనరు ఇరుక్కుంది. మధ్యలో ఒక బంద్. దుర్గా పూజలకి ముందే ప్రారంభోత్సవం కావాలని యజమాని ఒకటే గోల. "మామూలు అద్దం పెట్టెయ్యండి, చూడ్డానికి రెండూ ఒకటే కదా," అన్నాడు. ఘోష్ బాబు మెత్తబడిపోయాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే సోనా నర్సింగ్ హోమ్ మెట్లెక్కుతుంటే రఘురాం ఫోనులో అంటున్న మాట చెవిన పడింది.

"సరే అన్నా, స్పెషల్ వద్దు. మామూలుదే పెట్టుండ్రి. ఎవ్వలకు తెలుస్తది?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటండీ, మీరు మనుషులేనా? మామూలుదే పెట్టీమంటారా? ఆ మెట్ల మీద మా అమ్మ రోజూ ఎక్కి దిగుతాది! అంత కబుర్లు చెప్పినారు, చెయ్యి ఆన్చినారు, ఇదేనా?"

రఘురాం నోరు తెరిచాడు. ఆమె మూయించింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూయించింది. చివరికి ఫోనే ఆమె చేతిలో పెట్టాడు. అవతల నుంచి ఆంధ్రా మెస్ నడిపే గురువులు గొంతు వినిపించింది.

"బాబూ, మరి చేపల పులుసు లేకుండా మామూలు మీల్సే కట్టీమంటావా? ఇంటికాడ మీ అమ్మగారికి స్పెషలే తిన్నానని చెప్తావేటి మళ్ళా?"

సోనా ముఖం ఎర్రబడింది. ఫోను తిరిగి ఇచ్చి, నేలచూపులు చూస్తూ అడిగింది.

"పులుసెందుకు వొద్దన్నారు?"

"తినబుద్ధి అయితలేదు. పొద్దటినుంచి డాక్ కాడనే ఉండి ఇప్పుడే వచ్చిన. కంటైనరు విడిపించకపోతే మీ ముఖం ఎట్ల చూడాలె అని గదే రంది."

ఆ ఒక్క మాటతో ఆమె కోపం దిగిపోయింది. కోపం ఉన్న చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. దానికి పేరు పెట్టే తీరిక లేదు. తిన్నగా యజమాని గదిలోకి వెళ్ళి, మామూలు అద్దం పెట్టేటట్టయితే ఆ డ్రాయింగు మీద తన సంతకం ఉండదనీ, ఉద్యోగం పోయినా సరేననీ చెప్పింది. ఇంతకాలం తనకు ఎదురుచెప్పని పిల్ల అంత మాట అనేసరికి ఘోష్ బాబు కూడా గొంతు సవరించుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. పూజల ప్రారంభోత్సవం వాయిదా పడింది.

మర్నాడు ఇద్దరూ కలిసే డాక్‌కు బయలుదేరారు. హౌరా ఘాట్‌లో లాంచీ ఎక్కగానే వాన మొదలైంది. హుగ్లీ మీద వాన జల్లు ఏటవాలుగా కొడుతుంటే, జనమంతా మధ్యకి జరిగారు. వాళ్ళిద్దరూ కూడా జరగాల్సి వచ్చింది. అతని భుజం తగలకుండా నిలబడాలని ఆమె చాలా కష్టపడింది. లాంచీ మాత్రం ఏమాత్రం సహకరించలేదు.

"సోనా అంటే బంగారమట గదా. మీ అసలు పేరు గదేనా?"

"నవ్వకూడదు మరి. సన్యాసమ్మ. మా నానమ్మ పేరు."

అతను నవ్వలేదు. చాలాసేపు గంభీరంగా నీళ్ళకేసి చూశాడు.

"ఏటాలోచిస్తన్నారు?"

"ఏం లేదు. సన్యాసమ్మకు పెండ్లి ఎట్ల కుదురుతదా అని."

ఆమె చేతిలోని గొడుగుతో అతని మోచేతి మీద ఒక్కటి పొడిచింది. పక్కనున్న బెంగాలీ ముసలాయన ముసిముసిగా నవ్వి, వాళ్ళకు వాన తగలకుండా కొంచెం అడ్డం జరిగాడు.

చలికాలం మొదట్లో గ్లాసు బిగింపు పూర్తయింది. కాసులమ్మ కొత్త మెట్లు చూసి, "అద్దాలకి ఇంత గోలేటే?" అని మూతి తిప్పింది.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే, ఆఫీసులో ఇద్దరూ ఏదో కొలత దగ్గర పోట్లాడుకుంటుండగా బయట కేకలు వినిపించాయి. నర్సింగ్ హోమ్‌లో మంటలు! సోనా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఆమె వెనకాలే రఘురాం.

మొదటి అంతస్తు స్టోరు గదిలో పరుపులు అంటుకున్నాయి. కిటికీల్లోంచి నల్లటి పొగ సుడులు తిరుగుతోంది. ఫైర్ ఇంజన్లు ఇరుకు సందులో ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. లోపలికి దూరబోయిన సోనాను జనం పట్టి ఆపారు.

"అమ్మ! మా అమ్మ పైనుంది!"

రఘురాం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వాకిలి తెరిచే ఉంది. లోపల మెట్ల పక్కన మొదటి అంతస్తు అద్దం కనిపిస్తోంది. దాని అవతల ఎర్రటి వెలుగు. చూస్తుండగానే ఆ ఎరుపు మాయమై అద్దం మొత్తం సున్నం పూసిన గోడలా తెల్లగా అయిపోయింది.

"నిలబడ్డది," అన్నాడు రఘురాం. "చూడు, నిలబడ్డది."

కాసేపటికి ఒక నర్సు దిగివచ్చింది. ఆమె వెనక పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ఒక ముసలాయన్ని కుర్చీతో సహా మోసుకొస్తున్న వార్డుబాయ్‌లు. అందరికన్నా ఆఖర్న కాసులమ్మ, రెండు చేతుల్లో ఇద్దరు కవల పిల్లలతో.

పిల్లల్ని తల్లి ఒడిలో పెట్టాక గాని ఆమె కూతుర్ని చూడలేదు.

"ఓలమ్మా, అవతల పెళపెళమని మండిపోతంది. మెట్లు మాత్రం సల్లగా ఉన్నాయే!" అని అక్కడే కూలబడిపోయింది.

ఆ రోజు అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

తర్వాతి ఆదివారం సోనా తండ్రి అప్పలసూరి తెల్లచొక్కా వేసుకుని, మిఠాయి పొట్లంతో రఘురాం ఉండే మేడ మీది గదికి వెళ్ళాడు. టికియాపారా రైల్వే షెడ్డులో జీవితమంతా పనిచేసిన మనిషి, మాటలు తక్కువ. రెండు చేతులూ జోడించాడు.

"మా ఇంటి దీపాన్ని నిలబెట్టినావు బాబూ. నీ రునం ఎలాగ తీర్సుకోగలం? మా పిల్లని నీకిచ్చీసుకుంటాం. కాదనకు."

రఘురాం ఆ చేతులు విడదీసి, ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఎంతో మర్యాదగా కాదన్నాడు.

ఆ సంగతి విని సోనా గదిలోకి పోయి తలుపేసుకుంది. మర్నాడు అతను ఆమె ఆఫీసు వైపు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నగరంలోని హోటళ్ళూ ఆసుపత్రులూ అన్నీ అతని కంపెనీకి ఫోన్లు చేస్తున్నాయి, ఊపిరి తీసుకునే తీరిక లేదని ఘోష్ బాబు చెప్పాడు. సోనా నమ్మలేదు. సాయంత్రం హౌరా ఘాట్‌లో, లాంచీ దిగి వస్తున్న అతనికి అడ్డంగా నిలబడింది.

"నాను నచ్చకపోతే నాకే చెప్పొచ్చు కదండీ. మా నాన్న ముఖం చూడలేకపోతన్నాను."

"నచ్చకపోవుడేంది?" రఘురాం బిత్తరపోయాడు. "లాంచీల వాన పడ్డనాటి నుంచి నాకు నిద్ర లేదు. కానీ మీ నాన్న ఏమన్నడు? రుణం అన్నడు. నువ్వు సరే అన్నా అది థ్యాంక్స్ కిందనే లెక్క. థ్యాంక్స్ చెప్పనీకి ఎవరన్న జీవితాంతం ఇంట్ల కూసుంటరా? నాకు గట్ల వద్దు."

సోనా నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓహో. థ్యాంక్సా? ఈ వారమంతా నాను తిరిగింది దానికే. మెటియాబ్రుజ్ ఎల్లి ఫ్రేములు బిగించిన మిస్త్రీకి చెప్పినాను. డాక్‌కి ఎల్లి కంటైనరు దింపిన క్రేన్ డ్రైవరు పోలిరాజు మావకి చెప్పినాను. ఫైర్ ఇంజను వోళ్ళకి చెప్పినాను. మీ లెక్కన అయితే అందర్నీ పెళ్ళి చేసుకోవాలేటి? పోలిరాజు మావకి మనవలున్నారు!"

రఘురాం నవ్వబోయి ఆగాడు. ఆమె కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి.

"మీకు థ్యాంక్స్ వేరే చెప్తాను. ఇది అది కాదు. మంటలు రాకపోయినా, ఆ అద్దం అలగే తేటగా ఉండిపోయినా, నాను ఇక్కడికొచ్చి ఇదే మాట అందును. మీరంటే ఇష్టం. సాలా?"

లాంచీ కూత పెట్టింది. దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు తోసుకుంటున్నారు. రఘురాం ఆమెను ఆ తోపులాటలోంచి పక్కకి జరిపాడు.

"నువ్వు ఆరోజు సంతకం పెట్టనని నిలబడకపోతే నా గ్లాసు గోదాంలనే ఉండేది," అన్నాడు. "థ్యాంక్స్ చెప్పాల్సింది నేను. అది అటుంచితే... నాకు గూడ ఇష్టమే. మస్తు."

టికియాపారా ఇంట్లో కాసులమ్మ ఇద్దర్నీ పక్కపక్కన చూడగానే, అడక్కుండానే అర్థం చేసుకుంది.

"నాను బతికీసినందుకని కాదు బాబూ," అంది. "ఈ గుంట నీ మాటెత్తితే ముసిముసిగా నవ్వుకుంటాది. మంటల ముందటినుంచీ అంతే. మీ మావకి సెప్తే ఇనడు, రునం గినం అని బయల్దేరిపోనాడు."

అప్పలసూరి గోడకేసి చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

రఘురాం వెంటనే వరంగల్‌కు ఫోను కలిపి, తల్లి నరసమ్మకు నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆమె వియ్యపురాలితో మాట్లాడతానంది. కాసులమ్మ కొంగు సర్దుకుని ఫోను అందుకుంది. కాసేపు విని, చేత్తో ఫోను మూసి, గాభరాగా కూతురి వైపు తిరిగింది.

"ఏటంతాందే? నాకు సరిగా తెలట్లేదు."

సోనా చెవి ఆనించి వింది. అవతల నరసమ్మ ఏడుస్తోంది.

"కొడుకు అంత దూరం పోయిండు, ఒక్కడే ఏం తింటున్నడో, జరమొస్తే ఎవ్వలు చూస్తరో అని నాకు కంటిమీద కునుకు లేదు వదినా. ఇగ నాకు రంది లేదు. మీరు నా కడుపు సల్లబెట్టిన్రు. మీ మేలు మరువ."

"నీకు థ్యాంక్స్ చెప్తన్నాదే అమ్మా," అంది సోనా.

"నాకా!" కాసులమ్మ ఆశ్చర్యపోయింది. ఫోను మళ్ళీ చెవికి ఆన్చుకుని, "వొదినా, ఏడవకు. నీ కొడుకు ఇక్కడే ఉన్నాడు. అన్నం పెట్టీసి మళ్ళీ మాట్లాడతాను," అని, కళ్ళు తుడుచుకుంటూ కంచాలు తేవడానికి లేచింది.