శాంతయ్య మంద

"పాన్‌గల్ పందుల షెడ్డులో మన ఏజెంట్‌ను చంపేశారు, వినయ్."

నాగర్‌కర్నూల్‌లో ఒక విత్తనాల గోదాము వెనక గది. నిఘా విభాగం చీఫ్ వంశీధర్ గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠా పని. పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ ఒకే పందికి ఎక్కించారు. దాని ఒంట్లో ఆ జన్యువులు కలిసిపోయి కొత్త వైరస్ పుట్టింది. మనుషుల్లో పాకితే మందు లేదు. అది అంటించిన పందుల మందను ఇవాళ అయిజ సంతలో వదులుతారు."

"నేనే ఎందుకు సార్?"

"ఆ పందులు మీ నాన్న శాంతయ్య అమ్మినవే. కాపరిగా వెళ్లు. మారువేషం అక్కర్లేదు, ఆయన లుంగీ చాలు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ సాయిశ్రీ నిన్ను బండెక్కిస్తుంది."

వినయ్ కొత్త పెళ్లాం రజని పొద్దున్నే ఆ సంతకే వెళ్లింది. బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"జర ఇంటికి పో, రజనీ."

"ఇప్పుడే పోవుడేంది? మిర్చి బజ్జీలు వేడివేడిగ తీస్తున్నడు! మీకు గూడ కట్టిస్త."

ఆ ఒక్క మాటకు ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పే వీల్లేక మళ్లీ కుంగింది.

వినయ్‌ను, పందులను ఎక్కించుకున్న డీసీఎం బండి బీచుపల్లి వంతెన దాటి అయిజ చేరింది. సంత మొదట్లో ఆగగానే సాయిశ్రీ దిగింది. జరీ చీర, నల్ల కళ్లద్దాలు, మాస్కు, చేతిలో బండి తలుపు తెరిచే రిమోట్. ఆ సిగ్నల్‌ను ఆపడానికి చీఫ్ ఇచ్చిన జామర్‌ను వినయ్ జేబులోనే నొక్కాడు.

"నీ జామర్ బ్యాటరీ నేనే తీసిన," నవ్వింది సాయిశ్రీ. "మీ చీఫ్ కంటే వాళ్లే నన్ను బాగ చూసుకుంటున్నరు."

బండి తలుపు తెరుచుకుంది. పందులు దూకి జనం వైపు పరుగెత్తాయి.

ఊళ్లో తిరిగే మందను సాయంత్రం ఇంటికి రప్పించేది పెంచినవాడి కూతే. ఒకరి కూతకు ఇంకొకరి మంద తిరగదు. ముఠా పందులను కొన్నది, కూతను కొనలేదు; ఆ కూతను వినయ్ చిన్నప్పుడే నాన్న దగ్గర నేర్చుకున్నాడు. కానీ మాస్కులోంచి కూత వినపడదు. వైరస్‌కు అడ్డుగా పెట్టుకున్న తన మాస్కును వినయ్ లాగేశాడు.

"హుర్ర్... దా, దా, దా!"

మొదటి దుకాణానికి బారెడు దూరంలో మంద ఆగింది. చెవులు నిక్కించింది. వెనక్కి మళ్లి, కుడితి పోస్తాడనుకుని అతని కాళ్ల చుట్టూ మూగింది. అతని వెంటే బండెక్కింది. పారిపోబోయిన సాయిశ్రీని సంతలో మాటువేసిన మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు.

ఆ పందులన్నిటినీ అక్కడికక్కడే చంపి పూడ్చారు. నమ్మి వచ్చిన ఆ కళ్లను వినయ్ మర్చిపోలేకపోయాడు.

వనపర్తి దవాఖానలో ఒక అద్దాల గదిలో వినయ్‌ను విడిగా ఉంచారు. ఒళ్లు కాలుతోందో లేదో తనకే తెలియడం లేదు. అద్దం అవతలి నుంచి రజని ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

"పెండ్లిచూపులల్ల బ్యాంకు నౌకరీ అని చెప్పిండ్రు. జర చెప్పుండ్రి, సంతల మీరేసిన గా కూత ఏ బ్యాంకుల నేర్పిండ్రు?"