నిట్టూర్పుకి సంజాయిషీ

పళ్ళు తోముకోకముందే అత్తగారు ఆ దంపతులకి మూడోసారి యావజ్జీవం వేసేశారు.

అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ఫొటో ఒకటే. కన్నబిడ్డని పస్తులు పెట్టారని కోర్టులో కేసు నడుస్తున్న ఓ తల్లిదండ్రుల ఇంటి ఫ్రిజ్. లోపల ఒక నీళ్ళ సీసా, ఒక ఎండిన నిమ్మచెక్క. వారంగా ఊరు వేరే మాట ఎత్తలేదు. పాలు పోసే మనిషి కూడా నిమ్మచెక్క మీద పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చిగానీ గిన్నె ముట్టడం లేదు.

"ఇంకేం రుజువు కావాలే?" అన్నారు అత్తగారు.

కోడలు జడ బిగించుకుంటూ ఊరుకుంది. ఆ కేసులో సాక్షులు చెప్పే ప్రతి ముక్కా టైపు కొట్టేది ఆమే. విన్నది కోర్టు గుమ్మం దాటకూడదు. అందుకే ఇంట్లో పేజీల సంఖ్య తప్ప ఇంకేమీ చెప్పదు.

"నిన్న ఎన్ని?" అన్నాడు సెలూన్ నడిపే భర్త, అద్దంలో మీసం సరిచేసుకుంటూ.

"అరవై రెండు."

"అయితే శిక్ష ఖాయం."

"పేజీలండీ అవి, నేరాలు కావు."

"ఒక్క ముక్క చెప్పవే! కోర్టు మనిషి మొగుణ్ణయ్యుండి, గడ్డం గీయించుకునేవాళ్ళ దగ్గర నేను వార్తలు తెలుసుకోవాల్సొస్తోంది."

"ముందు కూరగాయలు తెండి. మూడు రోజుల్నించి మొత్తుకుంటున్నా."

"తెస్తాలే."

తొమ్మిదేళ్ళ కూతురు బ్రెడ్డు నములుతూ వింటోంది. నిన్నా బ్రెడ్డే. మొన్నా బ్రెడ్డే.

పదకొండింటికి కోర్టులో సూపరింటెండెంటు ఆమెని పిలిచి తన ఫోన్ చూపించారు. ఎవరో రాశారు: "ఆ కేసు టైపు చేసే ఆవిడ ఇంటికెళ్ళి గట్టిగా నిట్టూర్చిందట. భర్తే చెప్పాడు. ఇంకా అనుమానమా?" కింద నాలుగు వేలమంది ఆ నిట్టూర్పుని పరిశీలించారు. జాలితో అని కొందరు, అసహ్యంతో అని కొందరు. గుండె డాక్టర్నని చెప్పుకున్న ఒకాయన, నిర్దోషుల కోసం ఎవరూ అంత పొడుగ్గా నిట్టూర్చరని తేల్చేశాడు. నిట్టూర్పు పొడవు ఆయనకెలా తెలిసిందో ఎవరూ అడగలేదు.

"ఎందుకు నిట్టూర్చారో రేపు పదింటికల్లా రాసివ్వండి," అన్నారాయన. "సంజాయిషీ సరిగ్గా లేకపోతే సస్పెన్షనే. నా చేతుల్లో ఉండదమ్మా."

సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా వచ్చి భర్త ముందు నిలబడింది.

"నా నిట్టూర్పు ఎవరికి చెప్పారు?"

"ఒక్కడికే. నురగ రాస్తూ."

"ఆ ఒక్కడూ నాలుగు వేలమందయ్యాడు! పదమూడేళ్ళలో నా నోట ఒక్క మాట జారలేదు. రేపటికి నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, మీ నురగ పుణ్యమా అని!"

"ఇంతకీ నిట్టూర్చావా లేదా?" అన్నారు అత్తగారు, జడ్జిగారికంటే గంభీరంగా.

"నిట్టూర్చాను. ఎందుకో చూడండి!"

విసురుగా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల ఒక నీళ్ళ సీసా. పక్కన ఒక నిమ్మచెక్క. దీనికి ఇంకా కాస్త తడి ఉంది, తేడా అంతే.

కూతురు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మనింటి ఫొటో ఎవరైనా తీస్తే నిన్నూ నాన్ననీ తీసుకెళ్ళిపోతారా?"

"ఛ, అవేం మాటలే!" అన్నారు అత్తగారు. "మనం అలాంటివాళ్ళమా? మీ నాన్న బద్ధకించాడు, అంతే."

"ఫొటోలో నాన్న బద్ధకం కనపడదుగా, నానమ్మా."

అత్తగారు ఫోన్ బోర్లా పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి, "అయితే వాళ్ళు కూడా..." అంటూ కోడలి మొహంలోకి చూశారు. అక్కడ అవునన్న జాడా లేదు, కాదన్న జాడా లేదు.

"నన్నడక్కండి అత్తయ్యా. అది తేల్చడానికి జడ్జిగారున్నారు. నిమ్మచెక్క చూసి కాదు, పేజీలన్నీ చదివి."

భర్త తలొంచుకుని సంచీ పట్టుకుని బయల్దేరాడు.

మర్నాడు పొద్దున్నే భార్యతో పాటు తనూ కోర్టుకి వెళ్ళి, ఆమె సంజాయిషీతో పాటు సొంత కాగితం ఇచ్చాడు. "అయ్యా, నా భార్య నిట్టూర్చింది కేసు గురించి కాదు, కూరగాయల గురించి. తేనివాణ్ణి నేను. ఊరికి కథలు చెప్పినవాణ్ణీ నేనే. నిన్న సాయంత్రం సంతకెళ్ళేముందు తీసిన మా ఖాళీ ఫ్రిజ్ ఫొటో జత చేశాను."

సూపరింటెండెంటు ఫొటోని చాలాసేపు చూశారు. "దీన్ని నమ్మమంటావా?"

"వద్దు సార్," అన్నాడు వెంటనే. "ఫొటో చూసి నమ్మెయ్యకండి. ఇంటికొచ్చి మా పాపనడగండి."

ఆయన మీసాల్లో నవ్వుకుని, హెచ్చరికతో సరిపెట్టారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి, నిండిపోయి మూతపడని ఫ్రిజ్ తలుపుని అత్తగారు వీపుతో ఆపుతున్నారు. పక్కకి జరగ్గానే సొరకాయొకటి కిందికి దొర్లింది. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇంట్లో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

ఎందుకైనా మంచిదని నిట్టూర్పు మింగేసి, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"ఎన్నమ్మా ఇవాళ?" అన్నారు అత్తగారు నెమ్మదిగా.

"డెబ్బై ఒకటి."

ఆ పైన ఎవరూ ఏమీ అడగలేదు. భర్త కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు.

"సన్నగా తరగనా, లావుగానా?"