తూము కాడ పిలుపు

రాయచూరు దిక్కు జవళగేర బస్సు రోడ్డుకు రెండు మైళ్ళ ఇవతల, కాలువ తూము కాడ నాలుగు రేకుల గదులు ఖాళీగ పడి ఉంటుండె. కాలువ తవ్విన కూలీల కోసం కట్టినవి. ఒక ఎండకాలం కలరా తగిలి ఆ గదులల్లనే తొమ్మిదిమంది పోయిండ్రంట. అప్పటినుంచి రాత్రిపూట ఆ దిక్కు పోతే "నీళ్ళు..." అని పిలుస్తరని, పలికినోళ్ళు ఇల్లు చేరరని పేరు పడ్డది.

మా చిన్నమ్మ హనుమమ్మ ఆ దారెంబడే నర్సు చదువుకు పోయింది. ఆమె చెప్పంగ విన్నదే చెప్తున్న.

చైనా యుద్ధం అయిన రెండేండ్లకు. కాలువ పనికని ఇడపనూరు నుంచి వచ్చి ఇక్కన్నే నిలిచిపోయిన కూలోడు మా తాత. బిడ్డ మెట్రిక్ పాసయింది గాని నర్సు చదువు చదివించే తాకతు ఆయనకు యాడిది? మిలిటరీ వాళ్ళయితే ఫీజు అడుగరు. చదువు, తిండి, బట్ట అన్నీ వాళ్ళవే. పాసయినంక కొన్నేండ్లు ఫౌజు ఆస్పత్రులల్ల కొలువు చెయ్యాలె, అంతే. చిన్నమ్మ తానే అర్జీ రాసుకున్నది. పూనా నుంచి కాయితం వచ్చింది — సోమవారం పొద్దున హాజరు కావాలె, లేకుంటే సీటు ఇంకొకరికి.

తెల్లారుజాము బస్సు తప్పితే రాయచూరుల రైలు అందదు. ఆమె మేనమామ తిప్పన్న నెత్తిన ట్రంకు పెట్టుకున్నడు. చిన్నమ్మ చేతిల వెలిగించిన కందీలు. ఇద్దరూ నడిజామున బయలెల్లిండ్రు.

తూము దగ్గరికొచ్చిండ్రో లేదో — కప్పల అరుపు ఆగిపోయింది.

"నీళ్ళు... అవ్వా... నీళ్ళు..."

తిప్పన్న ఆమె రెక్క పట్టుకున్నడు. "పలకకు... నడు."

పది అడుగులు పడ్డయి. మళ్ళ అదే గొంతు — ఈసారి ఇంక సన్నగ.

"మామా, అది మనిషి గొంతు."

"మనిషిదే... చచ్చిన మనిషిది."

చిన్నమ్మ రెక్క విడిపించుకున్నది. ఆగింది. "నేను పొయ్యేదే గిట్లాంటోళ్ళ కాడికి గద మామా. ఇయ్యాల ఉరికితే, రేపు ఆడికి పోయి ఏం జేస్త?"

చివరి గది తలుపు తోసింది. కందీలు ఎత్తింది...

నేల మీద ఒక ఆడమనిషి. బట్టలన్నీ నెత్తురు. పక్కన అప్పుడే పుట్టిన పసిగుడ్డు — ఏడుపు లేదు, ఒళ్ళు చల్లగ.

పూనాకని కొన్న కొత్త తెల్లచీర ట్రంకుల నుంచి లాగి పసిగుడ్డును చుట్టింది, రొమ్ముకు అదుముకుని వీపు రుద్దింది. తిప్పన్న ఉరికి నీళ్ళు తెచ్చిండు. చెంచాడు చెంచాడు ఆ తల్లి నోట్ల పోసిండ్రు. ఆమె కండ్లు తెరిచి చిన్నమ్మ మణికట్టు పట్టుకున్నది. విడువలేదు.

దూరంగ బస్సు హారన్ వినొచ్చింది. పోయింది.

చిన్నమ్మ ఏడ్చిందంట. లేవలేదు మాత్రం. అప్పుడే ఆమె ఒళ్ళె పసిగుడ్డు కెవ్వుమన్నది.

తెల్లవారంగ ఆ మనిషి పెనిమిటి దుర్గప్ప వడ్ల లారీ ఒకటి తీసుకొచ్చిండు. పాలమూరు దిక్కు కూలీలు వాళ్ళు. దారిల నొప్పులు పట్టుకుంటే ఆమెను గదిల పండబెట్టి సాయానికి ఉరికిండంట. అందరూ అదే లారీల రాయచూరు ఆస్పత్రికి పోయిండ్రు. తల్లీపిల్లా బతికిండ్రు. లారీ యాడా ఆగకుండ పోయింది గనక చిన్నమ్మకు రైలూ అందింది, సీటూ అందింది. ఎన్నో ఏండ్లు ఫౌజుల కొలువు చేసింది.

ఆస్పత్రి మెట్ల కాడ జరిగిన ముచ్చట మాత్రం ఆమె చానా ఏండ్లు ఎవరికీ చెప్పలేదు.

దుర్గప్ప దండం పెట్టి అడిగిండంట: "అర్ధరాత్రి ఆ గదిలకు ఎట్ల పోయినవక్కా?"

"నీ పెండ్లామే పిలిచింది గద, నీళ్ళని."

దుర్గప్ప ఆమె మొఖంల మొఖం పెట్టి చూసిండు. గొంతు తగ్గించిండు.

"మా నింగవ్వ... పుట్టుమూగదక్కా."