మూడో ఆదివారం రొట్టెలు

ఎలాదియో రెండో వాక్యం పూర్తి చేయకముందే దొన్ ఫోర్తినో అతని మొహం మీదే తలుపు మూసేశాడు.

రొట్టెల బుట్ట, పూలు, మెస్కాల్ సారా సీసా ఎలాదియో చేతుల్లోనే ఉండిపోయాయి. పిల్లనడగడానికి అబ్బాయి తరపున పెద్దమనిషి వచ్చి మాట్లాడటం ఆ ఊరి పద్ధతి. కొండ ఊరి నుంచి బతకడానికి దిగొచ్చి రొట్టెల బట్టీలో చేరిన ఎలాదియోకి పెద్దదిక్కు లేదు. అందుకే తనే మాట్లాడాడు. ఇంటిభాష జాపోతెక్. స్పానిష్ అంగట్లో ఏరుకున్నంతే వచ్చు. 'రొట్టెలు తెచ్చాను' అనడానికి 'త్రాహె' అనాల్సింది, 'త్రాయీ' అన్నాడు. ఆ వెంటనే తలుపు పడింది. తప్పు మాటే కొంప ముంచిందనుకున్నాడు.

అతని కొండ ఊళ్లో మూసిన తలుపంటే వద్దనే అర్థం. రెండోసారి ఎవరూ తట్టరు. ఎలాదియో మాత్రం పట్టు వదలకుండా ఒక నోటుపుస్తకం కొన్నాడు.

సోమవారం మధ్యాహ్నం పెద్దవాళ్ల బడికి వెళ్లాడు. అక్కడ పాఠం చెప్పేది దొన్ ఫోర్తినో కూతురు నెరెయిదాయే. 'నాకు ఇష్టమే, మా నాన్నని అడుగు' అన్నదీ ఆమే.

"టీచర్, 'తేవడం' జరిగిపోయిన కాలంలో ఎలా చెప్పాలో నేర్పండి."

"మొన్నటిదాకా నెరెయిదా అనేవాడివి. పని పడేసరికి టీచర్‌నయ్యానా?"

ఆమె బోర్డు మీద రాసింది. "త్రాహె, నేను తెచ్చాను. త్రహీస్తె, నువ్వు తెచ్చావు. త్రహీమోస్, మేం తెచ్చాం."

"ఆ 'మేం' నాకెందుకు? తెచ్చేది నేనొక్కణ్ణే."

"రాసుకో. ఎప్పుడు పనికొస్తుందో."

"మిగతా మాటలన్నీ బుద్ధిగా నడుస్తుంటే ఈ మాటకేం రోగం?"

"తిక్క. నాకు తిక్కవాళ్లంటే ఇష్టం, నీకు తెలిసిందే. చెప్పు."

"త్రాయీ."

"మళ్లీ."

"మీ నాన్న తలుపు మూసేశాడు, నెరెయిదా."

సుద్దముక్క ఆగింది. "తెలుసు. తలుపు వెనకే ఉన్నాను."

"నా మాట విని కోపమొచ్చిందా?"

"మా ఇంటి సంగతి నేను నోరు విప్పి చెప్పకూడదు. నా దగ్గర ఏ పాఠమైనా మూడుసార్లు చెప్పాలి. అంతవరకే చెప్పగలను." ఆమె నవ్వు దాచుకోవడానికి బోర్డు వైపు తిరిగింది. ఎలాదియోకి ఆ మాట పాఠంలాగే వినిపించింది.

వారమంతా పిండి పిసుకుతూ అదే వల్లించాడు. "పిండికి కూడా వచ్చేసిందిలే, ఇక కాల్చు నాయనా," అంది బట్టీ యజమానురాలు.

రెండో ఆదివారం ఒక్క మాట కూడా తడబడలేదు. దొన్ ఫోర్తినో చివరిదాకా విన్నాడు. బాగుందన్నట్టు తలూపి, తలుపు మూశాడు.

ఎలాదియో చర్చి ముందు బల్ల మీద కూలబడ్డాడు. సన్నగా వాన మొదలైంది. నెరెయిదా గొడుగుతో వచ్చి పక్కన కూర్చుంది.

"మాట తప్పలేదు. అయినా మూశాడు. అంటే ఆయనకి నేనే నచ్చలేదు," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి మీ కొండకి వెళ్లిపోతావా?" ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు, భయం ఉంది.

"వెళ్లను. ఆ తలుపు అరిగేదాకా వస్తాను."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. గొడుగు అతని చేతికిచ్చి, తను తడుస్తూ వెళ్లిపోయింది.

మూడో ఆదివారం అతను తట్టకముందే తలుపు తెరుచుకుంది. దొన్ ఫోర్తినో ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. లోపల బల్ల మీద అతిథికని కాచిన చాకొలెట్ పానీయం నురగలు కక్కుతోంది. ఆ కంగారులో ఎలాదియో నేర్చిందంతా మరిచిపోయాడు.

"రొట్టెలు... త్రాయీ."

"దానికెందుకయ్యా అంత చెమట? నేను 'త్రూహె' అంటాను, మా నాన్నా అదే అనేవాడు. ఈ పిల్ల దిద్దీ దిద్దీ అలిసిపోయింది. లోపలికి రా."

"మరి తలుపెందుకు మూశారు?"

"మొదటిసారికే తీస్తే, పిల్లని వదిలించుకుంటున్నారని ఊరు నవ్వదూ? మూడోసారికే తీస్తాం. పెద్దమనిషి తోడుంటే చెప్పేవాడు. మా నోటితో మేం చెప్పకూడదు." దొన్ ఫోర్తినో గొంతు తగ్గించాడు. "నువ్వు మళ్లీ రావేమోనని ఇది రెండు వారాలుగా కిటికీ వదల్లేదు. నాకూ ముద్ద దిగలేదు."

ఎలాదియో బల్ల పక్కన నిలబడ్డ నెరెయిదా వైపు చూశాడు. "మూడుసార్లన్నావు..."

"అన్నాను. నీకు అర్థమైతేగా."

పిల్లనిచ్చామని చెప్పడానికి ఆ రొట్టెలే బంధువుల ఇళ్లకు పంచాలి. బుట్టకు ఒకవైపు ఎలాదియో, ఒకవైపు నెరెయిదా పట్టుకున్నారు. పక్కవీధిలో మేనత్త తలుపు తీసి, కళ్లద్దాలు సర్దుకుంది.

"ఎవరు తెచ్చారే ఈ రొట్టెలు?"

నెరెయిదా అతని వైపు చూసింది. ఎలాదియో గొంతు సవరించుకున్నాడు.

"త్రహీమోస్," అన్నాడు. "మేం తెచ్చాం."